కొబ్బరి మానును తొలుస్తున్న వడ్రంగి పిట్టను తరిమేయాలా? విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల ఏ జాతి ఎక్కడ ఉంటుంది?

తెనాలి దగ్గర మీ కొబ్బరి తోటలో తల మీద ఎర్ర కుచ్చు, వీపు మీద బంగారు రంగు ఉన్న పిట్ట ఒక చెట్టుకు రంధ్రం చేస్తోందని రాశారు. దానివల్ల చెట్టు చచ్చిపోతుందా, పిట్టను తరిమేయాలా, మన వైపు ఇవి ఎన్ని రకాలు, అడవిలో చూడాలంటే ఎక్కడికి వెళ్లాలి అని అడిగారు. తోట సంగతికే తొందర ఉంది కాబట్టి ముందు అదే చెబుతాను.

తరిమేయవద్దు. మీరు చెప్పిన గుర్తులను బట్టి అది బంగారు వీపు వడ్రంగి పిట్ట. పక్షుల పుస్తకాల్లో బ్లాక్-రంప్‌డ్ ఫ్లేమ్‌బ్యాక్ అనీ, పాత పుస్తకాల్లో లెస్సర్ గోల్డెన్-బ్యాక్‌డ్ వుడ్‌పెకర్ అనీ కనిపిస్తుంది. కృష్ణా డెల్టాలో కొబ్బరి, తాటి చెట్లను ఇంతగా నమ్ముకున్న వడ్రంగి పిట్ట మరొకటి లేదు. ఇది గూటి కోసం సాధారణంగా ఎంచుకునేది చచ్చిన మానును గానీ, లోపల మెత్తబడిన మానును గానీ. తల పోయిన చెట్లు, పిడుగు పడి ఎండిన చెట్లు, గాలివానకు మొవ్వు విరిగిన చెట్లు దీనికి ఇష్టం. అందుకే పిట్ట ఒక చెట్టు దగ్గర రోజుల తరబడి పనిచేస్తుంటే తోట యజమానిగా మీరు చూడవలసింది ఆ చెట్టు ఆరోగ్యం. మానులో చిన్న రంధ్రాలు ఉన్నాయా, వాటి నుంచి ముదురు గోధుమ రంగు ద్రవం కారుతోందా, నమిలిన పీచు బయటకు వస్తోందా, మొవ్వు వాలిపోతోందా అని పరిశీలించండి. ఇవి ఎర్రముక్కు పురుగు లక్షణాలు. చెట్టును చంపేది ఆ పురుగు. పిట్ట వచ్చింది మాను లోపల తిండి ఉందని పసిగట్టి.

ఇలా చెప్పినంత మాత్రాన వడ్రంగి పిట్టే తోటలో పురుగును అదుపు చేస్తుందని నమ్మి కూర్చోవద్దు. దాని తిండిలో పెద్ద వాటా చీమలది. బెరడు కింది పెంకు పురుగులు, వాటి లార్వాలు, చెదలు, సాలీళ్లు దొరికితే తింటుంది. అంతకుమించి ఆశించకూడదు. చెట్టుకు పురుగు పట్టిందని తేలితే ఉద్యాన శాఖ వారు చెప్పినట్టు చేయండి. ఇక ఆ మాను పూర్తిగా చచ్చినదే అయితే, గూడు ఉన్నంతకాలం దాన్ని అలాగే నిలబెట్టి ఉంచండి. గుడ్లు పొదగడానికి సుమారు 11 రోజులు, పిల్లలు ఎగరడానికి మరో 20 రోజులు పడుతుంది. తొలవడం మొదలైన నాటి నుంచి లెక్క వేసుకున్నా రెండు నెలలకు మించి మీరు ఆగవలసిన పని ఉండదు. కొబ్బరికి పట్టే మరో పురుగు, కొమ్ము పురుగు, కుళ్లిన కొబ్బరి మొద్దుల్లోనూ పేడ దిబ్బల్లోనూ పెరుగుతుంది కాబట్టి నేల మీద పడి కుళ్లుతున్న మొద్దులను మాత్రం వెంటనే తీసేయండి. తోట గట్టున, ఎవరి మీదా పడే ప్రమాదం లేని చోట, ఎండిన మాను ఒకటి ఉంటే నష్టం లేదు. పిల్లలు ఎగిరిపోయాక తీయాలా వద్దా అనేది అప్పుడు చూసుకోవచ్చు.

మీది మగదా ఆడదా అన్నది తల చూసి చెప్పవచ్చు. మగదానికి నుదురు నుంచి కుచ్చు దాకా ఎరుపే. ఆడదానికి కుచ్చు ఎర్రగా ఉన్నా, నుదుటి భాగం నల్లగా ఉండి దాని మీద తెల్ల చుక్కలు కనిపిస్తాయి. రెండింటికీ గొంతు నలుపు, దాని మీద తెల్ల చుక్కలు. నడుము కూడా నలుపే. ఈ నడుము రంగును గుర్తుపెట్టుకోండి, అడవికి వెళ్లినప్పుడు పనికొస్తుంది. పొదగడం, పిల్లలకు మేపడం ఆడ, మగ కలిసే చేస్తాయి కాబట్టి గూటి దగ్గర కాసేపు దూరంగా కూర్చుంటే రెండూ కనిపిస్తాయి. ఎగిరేటప్పుడు నాలుగుసార్లు రెక్కలు కొట్టి, రెక్కలు ముడిచి కిందికి జారి, మళ్లీ రెక్కలు కొట్టి పైకి లేస్తుంది. ఆ ఎగుడుదిగుడు నడకతోపాటు కీచుగా, గలగలమని వచ్చే అరుపు వినబడితే చూడకుండానే పేరు చెప్పవచ్చు. విజయవాడలో కాలువ గట్ల మీది పెద్ద నిద్రగన్నేరు చెట్లలోనూ, నాగార్జున విశ్వవిద్యాలయం వైపు పాత చెట్ల గుంపుల్లోనూ ఈ అరుపు కోసం చెవి పెట్టండి.

ఇక జాతుల సంగతి. ప్రపంచంలో వడ్రంగి పిట్టల కుటుంబంలో 230కి పైగా జాతులు ఉన్నాయి. ఆస్ట్రేలియాలోనూ న్యూజిలాండ్‌లోనూ మడగాస్కర్‌లోనూ ఒక్కటీ లేదు. మన దేశంలో ముప్పై చిల్లర జాతులు ఉన్నా, ఒకే చోట అన్నీ ఉండవు. ఎందుకంటే ఒక్కో జాతి ఒక్కో రకం చెట్టుకూ ఒక్కో మందం కొమ్మకూ అలవాటు పడింది. కొన్ని లావు మానులనే ఎక్కుతాయి, కొన్ని వేలి మందం పుల్లల మీద తిరుగుతాయి, కొన్ని నేల మీదికి దిగుతాయి. అందుకే ఒక ప్రాంతంలో ఏ వడ్రంగి పిట్ట ఉంటుందని ఎవరైనా అడిగితే, అక్కడ ఏ చెట్లు ఉన్నాయి, వాటి వయసెంత, ఎండిన కొమ్మలను ఉంచుతున్నారా కొట్టేస్తున్నారా అని నేను ఎదురు ప్రశ్న వేస్తాను. ఒకే వయసు సుబాబుల్ తోట, జామాయిల్ తోట కంటికి పచ్చగానే ఉంటాయి. వాటిని కొన్నేళ్లకే కలప కోసం కొట్టేస్తారు, తొర్ర పడేంత ముదర నివ్వరు. పక్కనే గట్టు మీద ఒక ముసలి వేపచెట్టు ఉంటే పిట్ట దాని దగ్గరే ఉంటుంది.

కొండపల్లి, మూలపాడు వైపు వెళ్తే నేల మారుతుంది. రాతి గుట్టలు, ముళ్ల పొదలు, ఎండాకాలం ఆకులు రాల్చే చెట్లు. బొమ్మలు చేసే తెల్లపొణికి కర్ర దొరికే అడవి ఇది. ఇలాంటి పొడి నేలల్లో, తుమ్మచెట్ల మధ్య వెతకవలసినది పసుపు నుదుటి వడ్రంగి పిట్ట. మరాఠా వుడ్‌పెకర్ అని పాత పేరు. పొడవు సుమారు 18 సెంటీమీటర్లే, అంటే మీ తోటలో పిట్టకు మూడింట రెండు వంతులు. ఒళ్లంతా నలుపు మీద తెల్ల చుక్కలు, నడినెత్తి పసుపు, మగదానికి వెనక వైపు ఎరుపు, రెండింటికీ పొట్ట మీద చిన్న ఎర్ర మచ్చ. ఆ పొట్ట మచ్చను కింద నిలబడి చూసినప్పుడే గమనించగలం. ఇది పెద్దగా అరవదు. మానుకు అతుక్కుని నెమ్మదిగా పైకి ఎక్కుతుంది కాబట్టి ఎదురుగా ఉన్నా చూపు జారిపోతుంది. పొలాల మధ్య ఒంటరి తుమ్మల మీద, పాత మామిడి తోటల్లోనూ ఉంటుంది. నూజివీడు, మైలవరం వైపు ముసలి మామిడి చెట్లున్న తోటకు వెళ్లగలిగితే ఎండిన కొమ్మల అడుగు భాగం చూడండి. గూటి రంధ్రాన్ని వాన నీరు లోపలికి పోకుండా వాలిన కొమ్మ కింది వైపునే చేస్తుంది.

దీనికన్నా చిన్నది బుల్లి వడ్రంగి పిట్ట, బ్రౌన్-క్యాప్‌డ్ పిగ్మీ. పొడవు 13 సెంటీమీటర్లు, పిచ్చుక కన్నా పొట్టి. గోధుమ రంగు నెత్తి, వీపు మీద తెల్ల అడ్డచారలు. మగదానికి తల వెనక పక్కల సన్నని ఎర్ర గీత ఉంటుంది గానీ, దుర్భిణి ఉన్నా అది దొరకడం కష్టం. మిగతావి బరువుకు భయపడి వెళ్లలేని సన్న పుల్లల చివరల్లో ఇది తిరుగుతుంది. ఒంటరిగా కాకుండా ఇతర చిన్న పిట్టల గుంపుతో కలిసి మేస్తుంది కాబట్టి, చెట్టు కొసన చిన్న పిట్టల సందడి వినిపిస్తే ఆ గుంపంతా దాటేదాకా ఓపిక పట్టండి.

చలికాలంలో మరొక అతిథి వస్తుంది. మెడను పాములా తిప్పే యూరేషియన్ రైనెక్ ఇది. వడ్రంగి పిట్టల కుటుంబంలోదే అయినా చెక్కను తొలవదు. బూడిద, గోధుమ రంగుల మచ్చలతో ఎండుటాకుల్లో కలిసిపోయి, నేల మీద చీమల పుట్టల దగ్గర మేస్తుంది. గూడు ఇక్కడ పెట్టదు.

ఇప్పుడు అడవి. గుంటూరు నుంచి అడవి అంటే నాకు నల్లమలే. మాచర్ల దాటి సాగర్ వైపు వెళ్లినా, మార్కాపురం మీదుగా దోర్నాల, శ్రీశైలం దారి పట్టినా నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం లోకే చేరుతారు. విస్తీర్ణంలో దేశంలోకెల్లా పెద్ద పులుల అభయారణ్యం అది. ఏగిస, తిరుమాను, మద్ది, మోదుగ, బూరుగ వంటి ఆకురాల్చే చెట్ల అడవి. అక్కడ లావు మానులున్నాయి, నిలబడి ఎండినవి ఉన్నాయి, వాటిని వంటచెరకుకు కొట్టేవారు తక్కువ. అందుకే డెల్టాలో ఎప్పటికీ చూడలేని జాతులు అక్కడ బతుకుతున్నాయి.

వాటిలో మీరు ముఖ్యంగా వెతకవలసినది తెల్ల మెడ వడ్రంగి పిట్ట, వైట్-నేప్‌డ్. దూరం నుంచి మీ తోట పిట్టలాగే ఉంటుంది. రెక్కలు బంగారు రంగే, నడుము నలుపే, పొడవు కూడా దాదాపు అంతే. తేడా మెడ వెనక ఉంది. మెడ వెనక నుంచి వీపు పైభాగం దాకా తెల్లగా ఉండి, ఆ తెలుపుకు రెండు పక్కలా నల్లటి అంచు ఉంటుంది. మగదాని కుచ్చు ఎరుపు, ఆడదాని కుచ్చు పసుపు. పసుపు కుచ్చు చూశారంటే ఇక సందేహం అక్కర్లేదు. భారత ఉపఖండం దాటి ప్రపంచంలో మరెక్కడా లేని పిట్ట ఇది. దట్టమైన తడి అడవి దీనికి నచ్చదు. పెద్ద చెట్లు దూరదూరంగా ఉండే పొడి అడవిని కోరుకుంటుంది. అలాంటి అడవులను మన దగ్గర చాలామంది పనికిరాని చిట్టడవి అని కొట్టిపారేయడం చూస్తే నాకు బాధ కలుగుతుంది. పచ్చగా కనిపించేదే అడవి అనుకోవడం వల్ల ఈ పిట్ట ఇల్లు ఎవరి లెక్కలోకీ రాకుండా పోతోంది.

అదే అడవిలో ఆకుపచ్చ ఒంటితో, గొంతు మీద గీతలతో, పసుపు నడుముతో ఉండే పెద్ద వడ్రంగి పిట్ట నేల మీద చీమలు, చెదపురుగులు ఏరుకుంటూ కనిపిస్తే అది స్ట్రీక్-థ్రోటెడ్. నేల మీద ఉన్నది కదా అని వేరే పిట్ట అనుకుని వదిలేయకండి.

ఇటుక రంగు వడ్రంగి పిట్ట గురించి మాత్రం కొంచెం ఎక్కువ చెప్పాలి. రూఫస్ వుడ్‌పెకర్ అంటారు. ఒళ్లంతా ఎర్రటి ఇటుక రంగు, రెక్కల మీద, తోక మీద నల్ల చారలు, పొట్టి నల్ల ముక్కు, పొడవు 25 సెంటీమీటర్లు. పొట్టను పైకెత్తి నడిచే ఒక రకం చీమలు కొమ్మలకు మట్టిముద్దలా కనిపించే పెద్ద గూళ్లు కడతాయి. నమిలిన చెక్కతో, ఆకులతో చేసిన ముదురు గోధుమ రంగు గూళ్లవి. ఈ పిట్టకు ముఖ్యమైన తిండి ఆ చీమలూ వాటి గుడ్లూ. విచిత్రం ఏమిటంటే గుడ్లు పెట్టే కాలం వచ్చినప్పుడు ఇది చెట్టును తొలవకుండా, చీమలు ఇంకా కాపురం ఉన్న ఆ గూటిలోనే రంధ్రం చేసుకుని పిల్లలను పెంచుతుంది. దీన్ని చూడాలంటే మీరు వెతకవలసింది పిట్టను కాదు, ఆ చీమల గూళ్లను. గూళ్లు కనిపించిన చోట నిలబడండి. గూళ్లే లేని అడవిలో తిరిగితే కాళ్లు నొప్పులు తప్ప ఫలితం ఉండదు.

తూర్పు కనుమల్లో ఇంకా ఉత్తరానికి, మారేడుమిల్లి, అరకు వైపు వెళ్తే తేమ పెరుగుతుంది, జాతులు మారతాయి. అక్కడ గ్రేటర్ ఫ్లేమ్‌బ్యాక్ ఉంది. మీ తోట పిట్టకూ దీనికీ పొరబడకుండా ఉండేందుకే నడుము రంగు గుర్తుంచుకోమన్నాను. దీని నడుము ఎరుపు. గొంతు కూడా పూర్తి నలుపు కాకుండా తెలుపు మీద నల్ల గీతలతో ఉంటుంది. లెస్సర్ ఎల్లోనేప్, రెక్కల మీద హృదయాకారపు నల్ల మచ్చలున్న హార్ట్-స్పాటెడ్ కూడా ఆ కొండల పిట్టలే. కానీ అది గుంటూరు నుంచి వేరే ప్రయాణం, ఇక్కడ పొడిగించను.

మన ఊళ్లలో జరిగే రెండు పొరపాట్లు చెబుతాను. తల మీద విసనకర్రలా విచ్చుకునే కుచ్చు, పొడవుగా వంగిన ముక్కు, నేల మీద గడ్డిలో పొడుచుకుంటూ నడిచే లేత ఇటుక రంగు పిట్టను చాలామంది వడ్రంగి పిట్ట అంటారు. అది కూకుడుగువ్వ, ఈ కుటుంబానికి చెందినది కాదు. రెండోది కంసాలి పిట్ట. ఎండలో రేకు మీద కొట్టినట్టు టుక్, టుక్ అని ఆగకుండా వినిపించే చప్పుడు దానిదే, అది గొంతుతో చేసేది. నుదుటి మీద ఎర్ర మచ్చ ఉన్న చిన్న ఆకుపచ్చ పిట్ట. మర్రి, రావి, మేడి పండ్లు తింటుంది. వడ్రంగి పిట్టలకు దగ్గరి చుట్టమే, మెత్తటి ఎండు కొమ్మల్లో సొంతంగా తొర్ర తొలుచుకుంటుంది కూడా. పెరట్లో మునగచెట్టు ఎండు కొమ్మకు చిన్న గుండ్రటి రంధ్రం కనిపిస్తే ముందు అనుమానించవలసింది దీన్నే.

వడ్రంగి పిట్ట చప్పుడు విషయంలోనూ తేడా ఉంది. తిండి కోసం పొడిచేటప్పుడు ఆగి ఆగి, లెక్క లేకుండా కొడుతుంది. బోలుగా మోగే కొమ్మను ఎంచుకుని గబగబా ఒకే దరువుగా కొడితే అది ఇది నా చోటని చెప్పడం, లేదా జోడును పిలవడం. ఇన్ని దెబ్బలకు మెదడు ఎలా తట్టుకుంటుందని పిల్లలు అడుగుతారు. పుర్రెలో మెత్తటి ఎముక దెబ్బను పీల్చుకుంటుందని చాలాకాలం చెప్పుకున్నారు. 2022లో వెలువడిన ఒక పరిశోధనలో, పిట్టలు పొడిచే దృశ్యాలను అతి వేగంగా చిత్రించే కెమెరాలతో కొలిచి, అది నిజం కాదని తేల్చారు. దెబ్బను పీల్చుకునే సుత్తితో ఏ వడ్రంగీ మేకు దించలేడు. పిట్ట తల కూడా సుత్తిలాగే గట్టిగా ఉంటుంది, దెబ్బ వృథా కాదు. మెదడు చాలా చిన్నది కావడం వల్లనే ఆ వేగానికి హాని కలగడం లేదు. ఇక నాలుకను పట్టి ఉంచే సన్న ఎముకలు పుర్రె వెనక నుంచి చుట్టుకుని పైకి వస్తాయి. ఆ పొడవు వల్లనే రంధ్రం లోతులో ఉన్న లార్వాను బయటకు లాగగలుగుతుంది. కాలివేళ్లు రెండు ముందుకు, రెండు వెనక్కి. తోక ఈకలు బిరుసుగా ఉండి మానుకు ఆనించుకునే ఊతకర్రగా పనిచేస్తాయి.

మీ తోటలో ఆ రంధ్రాన్ని కాపాడమని ఇంతగా చెప్పడానికి ఇంకో కారణం ఉంది. వడ్రంగి పిట్ట ఏటా కొత్త తొర్ర తొలుచుకోవడమే ఎక్కువ. పాతది ఖాళీ అవుతుంది. దాంట్లోకి గోరువంక వస్తుంది, రామచిలుక వచ్చి అంచులు కొరికి వెడల్పు చేసుకుంటుంది, పాలపిట్ట, చిన్న గుడ్లగూబ కూడా తొర్ర కోసం వెతికేవే. వీటిలో ఏదీ గట్టి చెక్కను సొంతంగా తొలిచి గూడు చేసుకోలేదు. పొలంలో ఎలుకలను పట్టే గుడ్లగూబ, పురుగులను ఏరే పాలపిట్ట మీకు కావాలంటే వాటికి ఇల్లు కట్టిపెట్టేది ఈ పిట్టే. కొమ్మలు నరికించే పని ఏదైనా ఉంటే వానలు తగ్గాక, సెప్టెంబరు నుంచి డిసెంబరు లోపు పెట్టుకోండి. ఫిబ్రవరి నుంచి జూలై దాకా గూళ్ల కాలం. కూలీలతో ముందే చెప్పండి, గుండ్రటి రంధ్రం, దాని కింద నేల మీద తాజా చెక్కపొట్టు కనిపిస్తే ఆ కొమ్మను వదిలేయమని.

చూడడానికి మంచి కాలం జనవరి చివరి నుంచి మార్చి దాకా. ఆకులు రాలి కొమ్మలు బయటపడతాయి, పిట్టలు జోడు కడుతుంటాయి, చప్పుడు ఎక్కువగా వినిపిస్తుంది. మోదుగ, బూరుగ పూసే రోజుల్లో బంగారు వీపు పిట్ట పూల తేనె కోసం కూడా వస్తుంది. ఉదయం తెల్లవారినప్పటి నుంచి తొమ్మిది లోపు తిరగండి, ఆ తరువాత ఎండకు మీరూ అలసిపోతారు, పిట్టలూ సద్దుమణుగుతాయి. మొదటిసారికి మూలపాడు చాలు. విజయవాడ నుంచి ఇబ్రహీంపట్నం దాటగానే వస్తుంది, ఉదయం వెళ్లి మధ్యాహ్నానికి ఇంటికి రావచ్చు. నల్లమలకు కారు లేకపోతే గుంటూరు–నంద్యాల రైలు ఎక్కండి. గిద్దలూరు దాటాక దిగువమెట్ట, చెలమ ప్రాంతంలో పట్టాలకు రెండు వైపులా అడవే. కానీ అది పులులు తిరిగే చోటు. రోడ్డు దిగి లోపలికి నడవాలంటే అటవీ శాఖ అనుమతి తప్పనిసరి. దోర్నాల–శ్రీశైలం రోడ్డు మీద రాత్రి పూట గేట్లు మూసేస్తారు కాబట్టి బయలుదేరే వేళ దానికి తగ్గట్టు చూసుకోండి.

ఫోటోల కోసం ఫోనులో పిట్ట అరుపు వినిపించి పిలవడం ఈమధ్య ఎక్కువైంది. గూళ్ల కాలంలో ఆ పని అసలు చేయవద్దు. మగపిట్ట మరో మగది వచ్చిందనుకుని గూడు వదిలి దాని కోసం వెతుకుతూ తిరుగుతుంది, ఆ లోపు గుడ్ల దగ్గరకు ఉడుము గానీ పాము గానీ చేరవచ్చు. గూటి రంధ్రం కనబడాలని అడ్డుగా ఉన్న మట్టలను కొట్టడం కూడా అంతే ప్రమాదం. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 కింద ఈ పిట్టలకు రక్షణ ఉంది, గుడ్లు తీయడం, గూడు పాడుచేయడం నేరం. తోటలో పనిచేసే పిల్లలకు ఈ మాట చెప్పి ఉంచండి.

మీ చెట్టు ఫోటో పంపితే మాను స్థితి చూసి ఇంకా కచ్చితంగా చెప్పగలను. రంధ్రం ఒక్కటే కాకుండా మొవ్వు, మాను అడుగు భాగం కూడా కనిపించేలా మూడు ఫోటోలు తీయండి. వీలైతే పిట్టను వెనక నుంచి, నడుము కనబడేలా ఒకటి.